గేటు పక్క కుళాయి

సింగానల్లూరులో రాజగోపాలన్ పంపుల కంపెనీ గోడకు, గేటు పక్కన, వీధి వైపు తిప్పి ఒక కుళాయి పెట్టి ఉండేది. షెడ్డు వెనక ఉన్న బోరు నీళ్ళే అందులో వచ్చేవి. ఆ చుట్టుపక్కల ఎవరు బోరు వేసినా ఉప్పునీళ్ళే పడేవి. గిన్నెలకు తెల్లగా పొర కట్టేది, పప్పు ఎంతసేపు పెట్టినా ఉడికేది కాదు. ఈ ఒక్క బోరులోనే ఏ పుణ్యమో గాని మంచినీళ్ళు పడ్డాయి. కంపెనీ కట్టిన కొత్తలో రాజగోపాలన్ భార్య లక్ష్మమ్మాళ్ ఆ నీళ్ళతో కాఫీ కాచి తాగి, ఇంత మంచి నీళ్ళు గోడ లోపల దాచుకుంటే పాపం తగులుతుందన్నదట. వీధిలోకి కుళాయి అలా వచ్చింది. ఆమె పోయాక రాజగోపాలన్ ఆ కుళాయిని ఆమె పేరు మీద ధర్మంగా నడిపాడు. వేసవిలో కరెంటు పోతే జనరేటరు వేయించి అయినా నీళ్ళు వదిలేవాడు. ఆయుధ పూజ నాడు యంత్రాలతో పాటు కుళాయికీ పసుపు కుంకుమ పెట్టించేవాడు. రుచికి పేరుమోసిన సిరువాణి నీళ్ళు కూడా మా నీళ్ళ ముందు దిగదుడుపే అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

కంపెనీలో సగం మంది చుట్టాలే. సత్యరాజ్ రాజగోపాలన్‌కు సొంత చెల్లెలి కొడుకు. ఆండిపట్టి పక్కన వాళ్ళ చేను వరసగా ఎండిపోతూ వచ్చిన రోజుల్లో తల్లి అతన్ని తీసుకొచ్చి అన్న చేతిలో పెట్టి వెళ్ళింది. మామ అతనికి పని నేర్పాడు. కంపెనీ వెనక సందులో ఇల్లు చూపించాడు. వరసకు తనకు తమ్ముడి కూతురయ్యే మీనాంబాళ్ సంబంధం చూసి పెళ్ళి చేసిందీ, పుట్టిన ఆడపిల్లకు దర్శిని అని పేరు పెట్టిందీ ఆయనే.

సత్యరాజ్ పని తొట్టి దగ్గర. మోటారు బాడీలకూ షాఫ్టులకూ రంగు వేయబోయే ముందు వాటికంటిన నూనె జిడ్డు పోవాలి. అందుకు టీసీఈ అనే కెమికల్ నింపిన ఇనప తొట్టిలో వాటిని ముంచి తీస్తారు. దానికి ఒక రకమైన తియ్యటి వాసన. కొత్తగా వచ్చినవాళ్ళకు తల తిరిగేది, సత్యరాజ్‌కు అలవాటైపోయింది. కెమికల్ జిడ్డెక్కి నల్లబడితే తొట్టి ఖాళీ చేసి షెడ్డు వెనక గుంటలో పోసేవాడు. అందులో దాపరికం ఏమీ లేదు, అందరూ చూస్తుండగానే పోసేవాడు. కొంత ఎండకు ఆవిరయ్యేది, మిగిలింది మన్ను తాగేసేది. ఆ గుంటకు కాస్త ఎడంగా, పాత డ్రమ్ముల అవతల, బోరు ఉండేది.

తైపూసం పండుగకు సత్యరాజ్ ప్రతి ఏడూ పళని కొండకు నడిచి వెళ్ళేవాడు. ఆ ఏడు ఉడుమలైపేట దాటాక మూత్రం ఎర్రగా వచ్చింది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగుతూ కొండ దాకా నడిచాడు. ఇంటికి వచ్చాక కూడా చెప్పలేదు. ఒకనాడు మీనాంబాళ్ బాత్రూము కడగడానికి వెళ్ళి, గచ్చు మీద మరక చూసి, అతన్ని పని దగ్గర నుంచి పిలిపించింది.

ఎడమ కిడ్నీలో గడ్డ. కోసి తీశారు గాని అప్పటికే అది ఊపిరితిత్తుల్లోకి పాకింది. డాక్టరు సత్యరాజ్‌ను బయట కూర్చోమని మీనాంబాళ్‌ను లోపలికి పిలిచి, ఆయన ఏం పని చేస్తాడు, ఏ కెమికల్, ఎన్నాళ్ళుగా అని ఒక్కొక్కటే అడిగాడు. చివర్లో తాగే నీళ్ళు ఎక్కడివని అడిగాడు.

"మాకు నీళ్ళకేం తక్కువ లేదు సార్, కంపెనీ బోరు నీళ్ళే. వీధంతా అవే తాగుతుంది" అంది మీనాంబాళ్, కొంచెం గొప్పగానే.

డాక్టరు రాస్తున్న కలం పక్కన పెట్టాడు. తరువాత, "ఆ కంపెనీ నుంచి ఇదే జబ్బుతో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో మీ ఆయన మొదటివాడు కాదమ్మా. ఆ నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి" అన్నాడు.

ల్యాబులో కళైవాణి అనే అమ్మాయి ఆమెకు మూత గట్టిగా ఉన్న చిన్న గాజు సీసా ఇచ్చింది. అంచు దాకా నింపాలనీ, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదనీ చెప్పింది. మీనాంబాళ్ గేటు కుళాయి దగ్గర వంగి, సన్నటి ధార కింద సీసా పట్టుకుని, బుడగ కనబడితే పారబోసి మళ్ళీ పట్టింది. వెనక బిందెతో నిలబడ్డ, అదే వీధిలో ఉండే ఇరుళాయి నవ్వుతూ తమిళంలో ఎగతాళి చేసింది. నీళ్ళు పట్టుకుంటున్నావా, పసిబిడ్డకు పాలు పడుతున్నావా అంది.

ఫలితం వచ్చిన రోజు కళైవాణి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడింది. నీళ్ళలో ఉన్నది టీసీఈయే. ఉండదగిన దానికంటే ఎన్నో రెట్లు ఉంది. ఇంత కలిసినా రంగు మారదు, వాసన రాదు, రుచి తెలియదు. ఒంట్లో ఏం చేస్తుందో బయటపడడానికి ఏళ్ళు పడుతుంది.

"మా పాప ఆ నీళ్ళే తాగి పెరిగింది" అంది మీనాంబాళ్.

కళైవాణి రిపోర్టు మడిచి ఆమె చేతిలో పెట్టింది. ఇక ఆ నీళ్ళు తాగించవద్దని మాత్రం చెప్పింది.

మరునాడు పొద్దున్నే మీనాంబాళ్ రాజగోపాలన్ ఇంటికి వెళ్ళింది. పెద్దాయన వసారాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. సత్యరాజ్ ఎలా ఉన్నాడని అడిగి, ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"పెదనాయనా, మన బోరు నీళ్ళు పరీచ్చ చేపిస్తిని. అందులో టీసీఈ కలిసి ఉండాదంట."

"ఏ టీసీఈ?"

"మన తొట్టిలో పోస్తామే, అదే. గుంటలో పారబోసింది లోపలికి దిగి బోరులో కలిసిందంట."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి పేపరు మీద పెట్టాడు. "మీ పెద్దమ్మ పేరు మీద పోస్తా ఉండే నీళ్ళమ్మా అవి. వాటిని పోయి విషం అంటావా?"

"నేను అనలా పెదనాయనా. ల్యాబులో చెప్పినారు."

"ల్యాబు పెట్టినోడు ఎవురో, వాడికి ఏం గావాల్నో. ఈ కాలంలో నీళ్ళు బాగలేదంటేనే గదా క్యాన్లు అమ్ముడు పోయేది." లోపలికి చూసి, "ఒక లోటా నీళ్ళు తెండి" అని కేకేశాడు. వంటమనిషి కుండలోంచి ముంచి తెచ్చింది. పెద్దాయన మీనాంబాళ్ వైపు చూస్తూ, గుటక గుటకకూ గొంతు కదులుతుండగా, లోటా మొత్తం తాగి కింద పెట్టాడు. "కంపెనీ పెట్టిన దినం నుంచి ఇదే తాగతా ఉండాను. ఎనబై నిండినాయి. నాకేమాయె?"

లక్ష్మమ్మాళ్ లివరు చెడిపోయి పోయింది. ఏనాడూ పథ్యం తప్పని మనిషికి ఆ జబ్బు ఎందుకు వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. ఆ మాట మీనాంబాళ్ నాలుక చివరి దాకా వచ్చింది. పెళ్ళాం పేరు మీద నీళ్ళు పోసే ముసలాయన ముందు అది అనలేకపోయింది.

ఆమె పెరటి వైపు నుంచి బయటికి నడిచింది. వంటింటి గోడ పక్కన నీళ్ళ క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. కొన్ని ఖాళీవి, కొన్ని నిండువి. ఆమె వాటిని చూస్తుండగా పెద్దాయన కొడుకు వసంతకుమార్ వచ్చాడు. ఇప్పుడు కంపెనీ నడిపేది అతనే.

"ఎన్నాళ్ళ నుంచి అన్నా, క్యాన్ నీళ్ళు?" అని అడిగింది.

"మా పాప కృత్తికకు బోరు నీళ్ళు ఒంటికి పడలేదమ్మా. అందుకని తెప్పిస్తా ఉండాము."

"పెదనాయనకు మాత్రం కుండలోవే ఇస్తా ఉండారే."

వసంతకుమార్ గేటు వైపు చూశాడు. "ఆయన క్యాన్ నీళ్ళు ముట్టడు. క్యాన్లు ఎందుకని అడిగితే నేనేం చెప్పాల?" కొంచెం ఆగి, "బావ ఆస్పత్రి సంగతంతా నేను చూసుకుంటాను. ఈ రిపోర్టు మాత్రం ఎవురికీ చూపియ్యొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. గొంతులో బెదిరింపు లేదు. భయం ఉంది. మీనాంబాళ్‌కు అతని మీద కోపం రావాల్సినంత రాలేదు. అది ఆమెకే వింతగా అనిపించింది.

కంప్లెయింటు ఇస్తానని సత్యరాజ్‌కు చెబితే మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మామ మీద కంప్లెయింటు ఇస్తావా నువ్వు? మనకు అన్నం పెట్టినోడు ఆయన."

"దర్శిని ఆ నీళ్ళే తాగింది గదా. ఇరుళాయి పిల్లకాయలు తాగతా ఉండారు, ఈ పొద్దు కూడా."

అతను దుప్పటి మీదికి లాక్కున్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది. "పోసింది నేనే గదా మీనా" అన్నాడు చివరికి. "మన్ను తాగేస్తాది అనుకుంటిని."

ఆమె కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో కంప్లెయింటు ఇచ్చింది. పరీక్షకు వస్తారని చెప్పారు గాని రావడానికి చాలా వారాలు పట్టింది. ఈ లోపల ఒక రోజు కంపెనీ ముందు వీధి తవ్వి పైపు వేశారు. అధికారి వచ్చి గేటు కుళాయి తిప్పి నీళ్ళు పట్టుకున్నప్పుడు అందులో వచ్చింది కార్పొరేషన్ నీళ్ళు. మీనాంబాళ్ పరుగున వెళ్ళి, ఇది కాదు, బోరులోంచి పట్టండి అని చెప్పింది. బోరు మోటారు రిపేరులో ఉందని, విప్పి పెట్టామని చూపించారు. ఆ మనిషి ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు, రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆయన పట్టుకుపోయిన నీళ్ళలో ఏమీ లేదని తరువాత తెలిసింది.

ఆ వారమే వసంతకుమార్ పనివాళ్ళందరినీ షెడ్డులో కూర్చోబెట్టాడు. మీనాంబాళ్‌నూ పిలిపించాడు. రాజగోపాలన్ ఒక పక్కన కుర్చీలో కూర్చున్నాడు. వచ్చే ముందు మోటార్లకు తీగ చుట్టే వైండింగు సెక్షను అళగిరిసామి ఆమెకు మాట ఇచ్చాడు. అతని భార్యకు కూడా ఒంట్లో బాగుండడం లేదు, ఎందుకో తెలియడం లేదు. నువ్వు మొదలుపెట్టు చెల్లెమ్మా, నేను లేచి నిలబడతాను అన్నాడు.

వసంతకుమార్ మెల్లిగానే మాట్లాడాడు. "కేసు జరిగిందనుకోండి. కెమికల్ గుంటలో పోసింది ఎవురని అడుగుతారు. ఎవురి పేరు చెప్పాల నేను? మా బావ పేరు చెప్పాల్నా? ఆ ఆస్పత్రి మంచం మీద ఉండేవాణ్ణి చూపించి, ఇతనే అని చెప్పాల్నా?"

అందరూ మీనాంబాళ్ వైపు చూశారు.

"ఆయన తనకుగా పోసినాడా? పొయ్యమంటే పోసినాడు" అంది ఆమె.

"పొయ్యమన్నది కంపెనీ. కంపెనీ మూసేస్తారు. దాంతో అయిపోతాది, సరియా?" అన్నాడు వసంతకుమార్.

అళగిరిసామి లేచి నిలబడ్డాడు. మీనాంబాళ్ అతని ముఖం చూసింది. అతను ఆమె ముఖం చూడలేదు. "తొట్టి ఆపేస్తే దీపావళి ఆర్డరు ఎట్ల ముగిస్తామన్నా?" అని అడిగి కూర్చున్నాడు.

రాజగోపాలన్ అందరి మాటలూ వింటూ కూర్చున్నాడు. అందరూ వెళ్ళిపోయాక కొడుకును దగ్గరికి పిలిచి, "మోటారు రిపేరా? నిన్న కూడా మన కుండలోకి బోరు నీళ్ళు వచ్చినాయే" అన్నాడట. వసంతకుమార్ ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. కానీ మరునాటి నుంచి పెద్దాయన కంపెనీకి రాలేదు. బోరు మీద రేకు మూత వేసి తాళం పెట్టారు.

గేటు కుళాయిలో కార్పొరేషన్ నీళ్ళు కొన్నాళ్ళు రోజు విడిచి రోజు వచ్చాయి, తరువాత వారానికోసారి వచ్చాయి, తరువాత రావడం మానేశాయి. ఇరుళాయి ఇప్పుడు బిందె పట్టుకుని రెండు వీధులు దాటి లారీ నీళ్ళకు వెళ్ళాలి. దారిలో మీనాంబాళ్ కనబడితే మొహం తిప్పుకునేది. ఒకసారి తిప్పుకోకుండా ఎదురుగా నిలబడి, మా నోటి దగ్గర నీళ్ళు లాగేశావు, నీకేం వచ్చింది అని అడిగింది. ఆ నీళ్ళలో ఉన్నదేమిటో మీనాంబాళ్ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఇరుళాయి అంతా విని, "తాగినన్నాళ్ళూ బాగానే ఉన్నాం కదా" అని వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యే సరికి సత్యరాజ్ లేవలేకపోయాడు. ఆస్పత్రి వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అన్నం మానేశాడు, గంజి కూడా వద్దన్నాడు. నీళ్ళు మాత్రం అడిగేవాడు. క్యాన్ నీళ్ళు నోట్లో పోస్తే ముఖం చిట్లించేవాడు.

"ప్లాస్టిక్కు వాసన వస్తాది మీనా. మన బోరు నీళ్ళు ఒక గుక్క దొరకదా?"

ఆమె తడిగుడ్డతో అతని పెదాలు తుడిచింది. అతను మళ్ళీ అడిగాడు. చూడడానికి ఎవరు వచ్చినా వాళ్ళనూ అడిగాడు.

ఒక మధ్యాహ్నం రాజగోపాలన్ వచ్చాడు. కర్ర ఊతంతో, సందులో నిలిచిన వాన నీళ్ళు తప్పించుకుంటూ, ఒక్కడే నడిచి వచ్చాడు. రెండో చేతిలో మూత పెట్టిన ఇత్తడి చెంబు ఉంది. లోపలికి వచ్చి మేనల్లుడి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆయాసం తగ్గేదాకా చెంబు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తాళం తీయించినాను" అన్నాడు. "మావాడు వొద్దన్నాడు. నా బోరు, నా తాళం అని చెప్పి తీయించినాను." ఆ తరువాత మీనాంబాళ్ వైపు తిరిగి, "ఇవ్వనా అమ్మాయీ?" అని అడిగాడు.

పెద్దాయన ఎవరినైనా అలా అడగడం ఆమె ఎప్పుడూ వినలేదు. లోటా నీళ్ళు ఎత్తి తాగినప్పటి చూపు ఇప్పుడు ఆ కళ్ళలో లేదు. ఆయనకు తెలిసిపోయిందని, ఎప్పుడో తెలిసిపోయిందని, ఆమెకు అర్థమైంది. పెద్దమ్మ సంగతి కూడా ఆయన ఆలోచించి ఉంటాడు. ఒక్కడే కూర్చుని ఆలోచించి ఉంటాడు.

వద్దంటే ఏం మిగులుతుంది, ఇస్తే ఏం పోతుంది. ఆమె చెంబు అందుకుని, చెంచా తెచ్చి, సత్యరాజ్ తల కింద చేయి పెట్టి ఎత్తింది. ఒక్కో చెంచా పోసింది. అతను కళ్ళు మూసుకుని చప్పరించాడు.

"ఇదే" అన్నాడు. "ఇదే రుచి."

రాజగోపాలన్ కర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం ఆనించి చూస్తూ కూర్చున్నాడు. చెంబులో సగానికి పైగా మిగిలింది. మీనాంబాళ్ దాన్ని తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, ఎక్కడ పారబోయాలో తెలియక, కాసేపు అలాగే నిలబడింది. చివరికి సాక్కడలో, మురుగు కాలువలో, వంపేసింది.

ఆ వారం దాటకుండానే సత్యరాజ్ పోయాడు. కర్మలన్నీ వసంతకుమార్ దగ్గరుండి జరిపించాడు. ఎవరూ ఏ తప్పూ పట్టలేనంత బాగా జరిపించాడు.

సంక్రాంతితో మొదలయ్యే తై మాసం అయ్యాక కంపెనీని ఊరి బయటికి మార్చారు. కొత్త షెడ్డులో అన్నీ కొత్త యంత్రాలు. వయసు మళ్ళినవాళ్ళను రావద్దన్నారు. అళగిరిసామినీ వద్దన్నారు. అతను ఇప్పుడు ఒక ఏటీయం ముందు కాపలాకు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మీనాంబాళ్ పనికి పోయే బస్సులోంచి అతన్ని చూస్తుంది, అతనూ చూస్తాడు. రాజగోపాలన్ మంచాన పడ్డాడు. ఆయన జబ్బు వయసుదేనని కొందరు, కాదని కొందరు అనుకుంటారు. మీనాంబాళ్ ఒకసారి వెళ్ళింది. ఆయన ఆమెను చూసి లక్ష్మమ్మాళ్ అని పిలిచాడు. ఆమె కాదనలేదు.

పాత కంపెనీ స్థలం అపార్ట్‌మెంట్లకు ఇచ్చారు. షెడ్డు కూల్చారు, గుంట పూడ్చి చదును చేశారు. ఒక రోజు అక్కడ బోరు బండి వచ్చి నిలబడింది. మీనాంబాళ్ పని మానుకుని వెళ్ళి సైటు ఇంజనీరుతో మాట్లాడింది. రిపోర్టు కాపీ ఇచ్చింది. అతను మర్యాదగా తీసుకుని చదివాడు. "కడగడానికీ మొక్కలకూ మాత్రమేనమ్మా, తాగడానికి కాదు" అన్నాడు. కాపురాలు వచ్చాక ఎవరు దేనికి వాడుతున్నారో ఎవరికి తెలుసు. ఒక సాయంత్రం కాంపౌండు గోడ పక్కగా నడుస్తుంటే లోపల ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం వినబడింది. ఈ ఏరియాలో ఇంత మంచి నీళ్ళు ఎక్కడా లేవని ఒకామె అంటోంది. మీనాంబాళ్ గేటు దాకా వెళ్ళింది. సెక్యూరిటీవాడు ఏ ఫ్లాటు అని అడిగాడు. చెప్పడానికి ఆమెకు ఏ నంబరూ లేదు.

దర్శినిని ఏటా ఒకసారి స్కానింగుకు తీసుకురమ్మని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆ పిల్ల కాలేజీలో రెండో సంవత్సరం. మొన్న వెళ్ళినప్పుడు కూడా, ఇప్పటికేమీ లేదు, వచ్చే ఏడు రండి అన్నారు. పోయిన ఏడూ అదే మాట. ఇద్దరూ ఆస్పత్రి బయటికి వచ్చి బస్‌స్టాపులో నిలబడ్డారు.

"వచ్చే ఏడు నేను రానమ్మా" అంది దర్శిని.

"ఏం?"

"వచ్చేదైతే వస్తాది. చూసి చూసి ఏం చేస్తాము? ప్రతి సారీ ఆ మంచం మీద పడుకుంటే, ఈ సారి ఉంటాదని అనిపిస్తాది. లేదంటే, సరి, ఇంకో ఏడు అనిపిస్తాది. అంతే గదా."

మీనాంబాళ్ కూతురి ముఖంలోకి చూసింది. ముందే తెలిస్తే బాగు చేయవచ్చని డాక్టరు చెప్పిన మాట చెప్పాలనుకుంది. ఆ మాట సత్యరాజ్‌కూ చెప్పారు, కోసి తీసిన రోజు, ముందే వచ్చి ఉంటే అని.

"నీ ఇష్టం" అంది.

సింగానల్లూరు బస్సు వచ్చింది. కూర్చోడానికి చోటు లేదు. ఇద్దరూ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.